చిరునామాల కౌలు: ఒక చిట్టా కథ

2007వ సంవత్సరం ఆగస్టు నెలాఖరున పుణే పోలీసులు బెంగళూరు వచ్చి ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరును అరెస్టు చేశారు. ఆ రోజుల్లో బాగా ప్రచారంలో ఉన్న ఆర్కుట్ అనే వేదిక మీద ఛత్రపతి శివాజీని కించపరిచే చిత్రం ఎవరో పెట్టారు. అది ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చిందో పోలీసులకు తెలిసింది. ఆ వేళ ఆ చిరునామా ఎవరి దగ్గర ఉందని ఇంటర్నెట్ సౌకర్యం ఇచ్చే సంస్థను అడిగారు. సంస్థ ఒక పేరు చెప్పింది. ఆ పేరు గల మనిషి సుమారు 50 రోజులు జైలులో గడిపాడు. ఆ తర్వాత, సంస్థ ఇచ్చిన వివరాలే తప్పని తేలింది. ఆ చిత్రానికీ ఆ యువకుడికీ ఏ సంబంధమూ లేదు.

ఒక అంకె నుంచి ఒక మనిషి దాకా పోయే దారిలో ఒక పుస్తకం ఉంటుంది. ఏ చిరునామా, ఏ వేళ, ఎవరికి ఇచ్చామన్నది ఆ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని సరిగా చదవకపోతే ఎంత అనర్థం జరుగుతుందో ఈ సంఘటన చెబుతుంది. ఈనాటి ప్రసంగంలో ఆ పుస్తకం ఎలా పుట్టింది, దాన్ని చదవడంలో పొరపాట్లు ఎందుకు దొర్లుతాయి, వాటిని ఎలా సరిచూసుకోవాలి అన్న విషయాలు చెప్పుకుందాం.

మన సరిహద్దు ప్రాంతాల వారికి ఇలాంటి పుస్తకాలు కొత్త కావు. బళ్లారి వైపు పహణీ అంటాం. హోసూరు వైపు అడంగల్ అంటాం. నాందేడ్ వైపు సాత్ బారా అంటాం. పేరేదైనా అక్కడ మనం అడిగే ప్రశ్న ఒకటే. ఫలానా సర్వే నంబరు ఫలానా సంవత్సరంలో ఎవరి సాగులో ఉంది? సంవత్సరం చెప్పకుండా సర్వే నంబరు ఒక్కటే చెబితే జవాబుకు అర్థం లేదు. పట్టాదారు ఒకరు కావచ్చు, కౌలుదారు ఒకరు కావచ్చు, పోయినేడు చేసిన రైతు ఈ ఏడు చేయకపోవచ్చు. కంప్యూటర్ల చిరునామాలదీ అచ్చంగా ఇదే కథ. అవి కూడా కౌలుకు ఇచ్చేవే.

కాని మొదట్లో అలా ఉండేవి కావు. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1969లో అమెరికాలో నాలుగు కేంద్రాలతో మొదలైంది. అప్పటి కంప్యూటర్లు గదంత యంత్రాలు. ఒకచోట నిలిపితే కదిలేవి కావు. ఏ యంత్రానికి ఏ నంబరన్నది మనుషులే నిర్ణయించి రాసుకునేవారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న సమాచార కేంద్రం అన్ని యంత్రాల పేర్లనూ నంబర్లనూ ఒక జాబితాగా ఉంచేది. 1983 జనవరి 1న ఆర్పానెట్ ఇప్పుడు మనం వాడుతున్న టీసీపీ ఐపీ పద్ధతికి మారింది. అందులో చిరునామా నాలుగు అంకెల గుంపులుగా ఉంటుంది. మొత్తం కలిపితే సుమారు 429 కోట్ల చిరునామాలు. ప్రపంచానికంతటికీ ఇవి చాలునని అప్పటివారికి అనిపించడంలో వింత లేదు.

ఆ తరువాత సొంత డిస్కు లేని చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటికి ధర తక్కువ. కాని మీట నొక్కగానే వాటికి తమ పేరు తెలియదు, ఊరు తెలియదు. తెలిసింది ఒక్కటే, కర్మాగారంలో కార్డు మీద ముద్రించిన నంబరు. దీన్నే మ్యాక్ చిరునామా అంటారు. ఆ నంబరు చెప్పి, నా ఇంటర్నెట్ చిరునామా ఏమిటని అడిగే పద్ధతిని 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. దాని పేరు రివర్స్ ఆర్ప్. ఇందులో ఒక చిక్కుంది. ఈ కేక గోడ దాటి వినపడదు. ప్రతి చిన్న నెట్‌వర్క్‌లోనూ జవాబు చెప్పేవాడు ఒకడు ఉండి తీరాలి.

మరుసటి ఏడు, 1985 సెప్టెంబరులో, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్‌మోర్ కలిసి బూట్‌పీ అనే పద్ధతిని ప్రకటించారు. ఇందులో మధ్యవర్తి ఉంటాడు. ఒక వీధిలో వేసిన కేకను అతను పక్క ఊరి సర్వర్‌కు చేరవేస్తాడు. కనుక ఒక సర్వర్ ఎన్నో నెట్‌వర్క్‌లకు జవాబు చెప్పగలిగింది. అయినా చిరునామాలు శాశ్వతమే. ఫలానా కార్డుకు ఫలానా చిరునామా అని ఉద్యోగి ఒకరు పట్టికలో చేత్తో రాయాలి. అప్పట్లో ఎవరి దగ్గర ఏ చిరునామా ఉందని అడిగితే పట్టిక తెరిచి చూస్తే సరిపోయేది. నిన్నటి జవాబే నేడు, నేటి జవాబే రేపు.

ఆ రోజులు ఎంతోకాలం సాగలేదు. ఒళ్లో పెట్టుకుని పనిచేసే కంప్యూటర్లు వచ్చాయి. ఉదయం ఒక భవనంలో, మధ్యాహ్నం ఇంకొక భవనంలో తిరిగే యంత్రానికి శాశ్వత చిరునామా కుదరదు. పైగా చిరునామాలకు కరువు వస్తుందన్న బెంగ 1990ల ఆరంభంలోనే మొదలైంది. వంద చిరునామాలున్న సంస్థలో 300 మంది ఉన్నా, ఒకేసారి పనిచేసేది 80 మందే అయితే వారికే ఇచ్చి, పని అయిపోగానే తిరిగి పుచ్చుకుంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. దానికి రూపం ఇచ్చినవాడు పెన్సిల్వేనియాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాల్ఫ్ డ్రోమ్స్. 1993 అక్టోబరులో ఆయన పేరు మీద కొత్త నియమావళి వెలువడింది. పూర్తి పేరు డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్. అందరూ పొట్టిగా డీహెచ్‌సీపీ అంటారు. అచ్చులో దొర్లిన తప్పుల వల్ల అదే నెలలో దాన్ని సవరించి మళ్లీ ప్రకటించారు. 1997 మార్చిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2131 అనే పత్రం దానికి ఆధారంగా నిలిచింది.

కౌలు అన్న మాట ఈ పద్ధతితోనే ముఖ్యమైంది. బేరం నాలుగు మాటల్లో ముగుస్తుంది. ఇక్కడ చిరునామా ఇచ్చేవారెవరైనా ఉన్నారా అని కంప్యూటర్ కేక వేస్తుంది. ఇదిగో ఫలానాది ఉందని సర్వర్ చూపిస్తుంది. అయితే అదే ఇవ్వమని కంప్యూటర్ కోరుతుంది. ఇచ్చాను, ఇంత గడువు అని సర్వర్ ఖాయం చేస్తుంది. గడువు సగం కాగానే కంప్యూటర్ కౌలు పొడిగించమని తనకు ఇచ్చిన సర్వర్‌ను అడుగుతుంది. జవాబు రాకపోతే, గడువులో ఎనిమిదింట ఏడు పాళ్లు గడిచాక ఏ సర్వర్ అయినా సరేనని అందరినీ అడుగుతుంది. గడువు తీరినా ఎవరూ పలక్కపోతే చిరునామా వదులుకోవాలి. గంట గడువు ఉన్న నెట్‌వర్క్‌లో ఒక్క యంత్రం అరగంటకొకసారి చొప్పున రోజుకు 48 సార్లు కౌలు పొడిగించుకుంటుంది.

ఈ లెక్కంతా సర్వర్ ఎక్కడో రాసుకోవాలి. రాసుకోకపోతే కరెంటు పోయి వచ్చాక ఒకే చిరునామాను ఇద్దరికి ఇస్తుంది. ఈ రాతకోతల పద్ధతిని ప్రపంచమంతటికీ అలవాటు చేసింది ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్షియం అనే సంస్థవారి సర్వర్. టెడ్ లెమన్ రాసిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి ప్రతి 1997లో వచ్చింది. ఉచితంగా దొరకడంతో కళాశాలలు, కంపెనీలు, ఇంటర్నెట్ సంస్థలు దాన్ని విరివిగా వాడాయి. అది కౌళ్లను మామూలు అక్షరాల్లో, ఒక ఫైలులో రాసుకుంటుంది. ఎవరైనా తెరిచి చదవవచ్చు. సౌలభ్యం అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది.

మన షావుకార్ల దుకాణాల్లో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. చిట్టాలో ఏ రోజు జరిగింది ఆ రోజు, ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతారు. పైన రాసింది కొట్టివేయరు. ఆవర్జాలో పేరు పేరునా ఒక్కో పుట ఉంటుంది, అతని బాకీ ఎంతో అక్కడ తేలుతుంది. హోసూరు శ్రోతలు చిట్టా అనగానే భూమి కాగితం అనుకోగలరు. నేను చెప్పేది దుకాణపు చిట్టా సంగతి. ఈ సర్వర్ ఉంచే కౌలు ఫైలు అచ్చంగా అలాంటి చిట్టా. కౌలు ఇచ్చినా, పొడిగించినా, వదిలినా ఫైలు చివర కొత్త పద్దు చేరుస్తుంది. పాత పద్దు అలాగే ఉంటుంది. ఇలా చేయడానికి మంచి కారణమే ఉంది. మధ్యలో కరెంటు పోతే చివరి పద్దు ఒక్కటే చెడుతుంది. మిగిలిన పుస్తకం పదిలంగా ఉంటుంది.

తంటా ఎక్కడంటే, చదివేవారు దీన్ని ఆవర్జా అనుకుంటారు. ఒక కళాశాల ఉందనుకుందాం. చివర 57 అంకె ఉన్న చిరునామాను ఉదయం ఆఫీసు కంప్యూటర్ తీసుకుని వదిలింది. కొద్దిసేపట్లోనే లైబ్రరీ కంప్యూటర్ దాన్ని తీసుకుంది. ఇప్పుడు 57 ఎవరిదని ఒక ఉద్యోగి ఫైలును పైనుంచి వెతికాడు. మొదట కనిపించిన పేరు ఆఫీసు కంప్యూటర్‌ది. అదే జవాబు రాసుకున్నాడు. నియమం ప్రకారం ఒక చిరునామాకు ఎన్ని పద్దులున్నా చివరిదే చెల్లుతుంది. పైనుంచి వెతికి మొదటి పద్దు దగ్గర ఆగితే పాత కౌలుదారు దొరుకుతాడు.

ఆ ఉద్యోగి ఒక గంట తర్వాత మళ్లీ వెతికాడనుకుందాం. ఈసారి లైబ్రరీ పేరు ఒక్కటే కనిపించింది. ఎందుకంటే చిట్టా అంతులేకుండా పెరగకుండా సర్వర్ సుమారు గంటకొకసారి దాన్ని తిరగరాస్తుంది. ఒక్కో కౌలుకు చివరి స్థితి మాత్రమే కొత్త ఫైలులోకి ఎక్కుతుంది. పాత ఫైలుకు పేరు చివర ఒక గుర్తు తగిలించి పక్కన పెడుతుంది. అదే ప్రశ్నకు పది గంటలకు ఒక జవాబు, పదకొండు గంటలకు వేరొక జవాబు. సర్వర్ పిచ్చిదైపోయిందని ఉద్యోగి అనుకుంటాడు. సర్వర్ తన నియమం తప్పలేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. ఫైలును ఎప్పుడూ తెరిచి ఉంచి చదివే ప్రోగ్రాములు, తిరగరాత జరిగాక కూడా పక్కన పెట్టిన పాత ఫైలునే పట్టుకుని కూర్చుంటాయి. అవి చెప్పే జవాబులు కొన్నాళ్లు సరిపోతాయి, మెల్లగా పాచిపోతాయి.

తిరగరాసే క్షణంలో యంత్రం ఆగిపోతే పాత ఫైలు పక్కకు పోయి, కొత్తది ఇంకా రాకుండా ఉండవచ్చు. అప్పుడు సర్వర్ మొదలవడానికే ఒప్పుకోదు. కంగారులో ఖాళీ ఫైలు ఒకటి సృష్టించి సర్వర్‌ను నడిపించినవారు కౌళ్లన్నీ పోగొట్టుకుంటారు. పక్కన పెట్టిన పాత ఫైలుకు అసలు పేరు మళ్లీ పెట్టాలి. ఆ సర్వర్ వెంట వచ్చే సూచనల్లోనే ఈ హెచ్చరిక ఉంది.

ఇక కాలం సంగతి. ఆ ఫైలులో వేళలు మన గడియారం ప్రకారం ఉండవు. ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటాయి. మన కాలం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకు జరిగిన పని ఫైలులో సోమవారం 20 గంటల 30 నిమిషాలుగా కనిపిస్తుంది. తేదీ కూడా మారిపోతుంది. అదే సర్వర్ వేరుగా ఉంచే దినచర్య, అంటే లాగ్, సాధారణంగా స్థానిక కాలంలో ఉంటుంది. ఒకే గదిలో రెండు గడియారాలన్నమాట. ఈ తేడా చూడకుండా రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి పోల్చితే, సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు చిరునామా పట్టుకున్నవాడి మీద మంగళవారం తెల్లవారుజామున వేరొకరు చేసిన పని పడుతుంది.

పెద్ద సంస్థల్లో ఒక సర్వర్ చెడితే పని ఆగకూడదని రెండు సర్వర్లు ఉంచుతారు. రెండింటికీ విడివిడిగా చిట్టాలు. ఒకటి కౌలు ఇచ్చి రెండవదానికి కబురు పంపుతుంది. ఆ కబురు చేరేలోగా రెండవదాన్ని అడిగితే పాత సంగతి చెబుతుంది. మధ్య తీగ తెగితే తేడా మరీ పెరుగుతుంది. అలాగే ఒకే కంప్యూటర్‌లో రెండు రకాల వ్యవస్థలు ఉండి, ఒక్కొక్కటీ తన గుర్తింపు వేరుగా చెప్పుకుంటే, ఒకే కార్డు మీద రెండు కౌళ్లు నడుస్తాయి. కార్డు నంబరు పట్టి వెతికేవారికి రెండు జవాబులు దొరికి అయోమయం కలుగుతుంది. ఎవరైనా చేత్తో చిరునామా పెట్టుకుంటే అది ఏ చిట్టాలోనూ ఉండదు. కౌలు లేకుండా దున్నుకునేవాడు అడంగల్‌లో కనిపించనట్టే.

ఈ చిక్కులు ఇంజనీర్లకు తెలియనివి కావు. ఇంటింటికీ తీగ వేసి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలకు ఇవి రోజూ ఎదురయ్యేవి. వీధి చివర పెట్టెలు తమ గుండా వెళ్లే బేరసారాలను విని ఎవరికి ఏ చిరునామా వచ్చిందో గుర్తుపెట్టుకునేవి. పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే ఆ జ్ఞాపకమంతా పోయేది. 2006 ఫిబ్రవరిలో రిచ్ వుండీ, కిమ్ కిన్నియర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 4388 దీనికి మార్గం చూపింది. ఫైలు చదవనక్కరలేకుండా సర్వర్‌నే నేరుగా అడగవచ్చు. ఈ చిరునామా కౌలులో ఉంది, ఖాళీగా ఉంది, నాకు తెలియదు అని మూడు రకాల జవాబులు వస్తాయి. తెలియదు అన్న జవాబుకు కూడా చోటు ఇవ్వడం గమనించండి. పైగా, ఆ కంప్యూటర్‌తో తాను చివరిసారి ఎప్పుడు మాట్లాడిందో సర్వర్ చెబుతుంది. ఇద్దరు సర్వర్లు రెండు జవాబులు చెబితే ఎవరిది తాజాదో దాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

అయితే ఇది ఇప్పుడు ఎవరిది అన్న ప్రశ్నకే జవాబు. పోయిన నెల ఫలానా రాత్రి ఎవరిది అని అడిగితే ఆనాటి లాగ్ దాచి ఉండాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశాల్లో కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు ఉంచాలని, గడియారాలను జాతీయ కాలంతో సరిచూసుకోవాలని ఉంది. గడియారం సంగతి ఆ ఆదేశాల్లో ఎందుకు చేరిందో ఇప్పుడు మీరే ఊహించగలరు.

ఈలోగా పుస్తకం కూడా మారింది. 429 కోట్ల చిరునామాల్లో ప్రాంతాలకు పంచవలసిన నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. ఒకే బయటి చిరునామాను ఎంతోమంది చందాదారులకు కలిపి ఇచ్చే పద్ధతి పెరిగింది. అటువంటి చోట చిరునామా, వేళ చెప్పినా చాలదు, పోర్టు నంబరు కూడా చెప్పాలి. ఒకే సర్వే నంబరులో సబ్‌డివిజన్లు పడ్డట్టు. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఫోన్ల ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు ఒక్కో వైఫై నెట్‌వర్క్‌కు ఒక్కో మారు మ్యాక్ నంబరు చెప్పడం మొదలుపెట్టాయి. మనుషుల కదలికలను ఎవరూ వెంటాడకుండా ఇది కాపాడుతుంది. చిట్టాలో మాత్రం ముద్రించిన నంబరు కనిపించదు. ఇక ఆ పాత సర్వర్‌కు దాని సంస్థ 2022లో స్వస్తి చెప్పింది. దాని స్థానంలో వారే తయారు చేసిన కీ అనే సర్వర్‌కు కౌళ్లను డేటాబేస్‌లో ఉంచే వీలుంది. అంటే చిట్టా స్థానంలో ఆవర్జా వచ్చింది. పాత సర్వర్ ఇంకా నడుస్తున్న చోట్ల పాత జాగ్రత్తలే అవసరం.

మీ ఊరి కళాశాలలోనో, సహకార బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో ఈ పని చూసే పిల్లలు ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. ఒక చిరునామాకు చివరి పద్దు వరకూ చదవాలి. వేళను మన కాలంలోకి మార్చి, తేదీతో సహా రాసుకోవాలి. రెండు సర్వర్లుంటే రెండింటినీ అడగాలి. గడిచిన రోజుల సంగతికి కౌలు ఫైలు మీద ఆధారపడకుండా లాగ్ చూడాలి. జవాబు పొంతన కుదరకపోతే తెలియదని రాయడానికి వెనుకాడకూడదు.

ఎందుకంటే ఆ పుస్తకం చెప్పేది ఇంతవరకే: ఫలానా వేళ ఫలానా కార్డుకు ఫలానా చిరునామా కౌలుకు ఇచ్చాం. ఆ కార్డు ముందు కూర్చున్నది ఎవరో అందులో రాసి ఉండదు. కౌలుదారు పేరు చూసి పొలంలో ఆ రోజు నాగలి పట్టింది అతనేనని ఏ ఊరి పెద్దమనిషీ తీర్పు చెప్పడు. ఇరుగుపొరుగును అడుగుతాడు, గట్టు మీదికి వెళ్లి చూస్తాడు. ఒక అంకెను పట్టుకుని ఒక మనిషి తలుపు తట్టేముందు అంతపాటి విచారణ జరగాలి. బెంగళూరు యువకుడి 50 రోజులు మనకు నేర్పే పాఠం ఇదే.